కాకికిచ్చిన మాట

దయ్యాలు ఉన్నాయా లేవా అని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఒక్కటే. చదువుకునే రోజుల్లో శవాల గది గుమ్మంలో కూర్చుని మరమరాలు తిన్నవాణ్ని, నన్ను ఇంతవరకూ ఎవరూ పలకరించలేదు. అమలాపురంలో చిన్న ఆసుపత్రి పెట్టుకున్న కొత్తలో, పిల్లకి గాలి సోకిందండీ అంటూ తెచ్చేవారు. గాలీ కాదు, ధూళీ కాదు, ఏలికపాములని చెప్పి మందు తాగించి పంపేవాణ్ని. నాలుగు రోజులు పోయాక ఆ తల్లే నవ్వుకుంటూ వచ్చి దణ్ణం పెట్టి వెళ్లేది.

అలాంటివాణ్ని ఇది రాయడానికి కూర్చున్నానంటే మా ఆవిడ సుభద్ర పోరు ఒక కారణం. ఈ సంగతిలో ఉన్న ఇద్దరూ నాకు చాలా ఇష్టమైనవాళ్లు కావడం రెండో కారణం. వాళ్లు సుభద్ర తల్లిదండ్రులు, మా అత్తగారూ మామగారూ. జరిగింది యాభైల మొదట్లో.

మామగారు సత్యనారాయణగారిది రాజోలు దగ్గర వశిష్ఠ గోదారి ఒడ్డున ఒక పల్లె. కొబ్బరితోట, కొంత వరిచేను. మనిషి భోజనప్రియుడు. నన్ను ఇంట్లో కూడా 'డాక్టరుగారూ' అనే పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం పావు వంతు, వేళాకోళం ముప్పావు వంతు. ఆయన లెక్కలో కడుపుకి వచ్చే రోగాలన్నిటికీ మందు ఆముదం.

"మీరు కత్తితో తీసేది మా ఆముదం దానంతటదే తీసేస్తుందండి. కుట్లు కూడా అక్కర్లేదు" అనేవారు.

ఊరంతా ఆయన్ని తిండిపోతు అనుకునేది. నాకు మాత్రం అనుమానంగా ఉండేది. ఖాళీ కడుపున మంట, నాలుగు మెతుకులు పడగానే చల్లబడటం, మళ్లీ కాసేపటికి మంట. పేగు మొదట్లో పుండు ఉన్నవాళ్లకి అలాగే ఉంటుంది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "పుండుంటే ఉండనివ్వండి, దాన్ని మేపడానికి మీ అత్తగారున్నారు" అని నవ్వేశారు.

అత్తగారి గురించి చెప్పాలంటే ముందు వాళ్ల ఇంటి ఆచారం చెప్పాలి. అత్తగారు అల్లుడి ఎదట పడకూడదు. మాట్లాడవలసి వస్తే తలుపు చాటునుంచి, అదీ కూతురితో చెబుతున్నట్టుగానే. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆవిడ ముఖం నేను సరిగా చూడలేదు. వంటింటి తలుపు వెనక గాజుల చప్పుడు వినిపించేది, ఆ వెనకే "ఆయనకి ఇంకాస్త నెయ్యి వెయ్యవే" అనే మాట వినిపించేది. నాకు చారు ఏ పాటి కారంగా ఉండాలో, పెరుగు ఎంత తియ్యగా ఉండాలో ఆవిడకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ తలుపు వెనక గొంతు విన్నప్పుడల్లా నాకు ఇంటికొచ్చినట్టుండేది.

ఆ ఆచారాన్ని విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ల పొట్టలన్నీ నొక్కి చూసే నాకు, సొంత అత్తగారికి జ్వరం వస్తే నాలుక చూడటానికి వీల్లేదు. సుభద్ర వెళ్లి చూసి వచ్చి, తెల్లగా ఉందండీ అని చెబితే నేను మందు రాసేవాణ్ని.

ఆ ఏడు కొబ్బరి దింపులు తీయిస్తూ తోటలో నిలబడ్డ మామగారు ఉన్నట్టుండి కడుపు పట్టుకుని కూలబడ్డారు. ఇంట్లోవాళ్లు ఆయన మందే ఆయనకి పోశారు. కాసేపటికి నొప్పి తగ్గింది కూడా. అందరూ ఆముదం మహిమ అనుకున్నారు. నిజానికి అది చిల్లుపడిన కడుపు చేసే మోసం. మొదటి పోటు తరవాత కాస్త నెమ్మదిస్తుంది, ఈలోగా లోపలి పుల్లనీళ్లన్నీ పొట్టంతా పరుచుకుంటాయి. ఆముదం వాటిని ఇంకాస్త తోసింది. కాలవ పడవ మీద అమలాపురం తెచ్చేసరికి ఆయన కడుపు పీటచెక్కలా బిగిసిపోయి ఉంది. చెయ్యి వెయ్యగానే నాకు సంగతి తెలిసిపోయింది.

కోసి, చిల్లు కుట్టి, లోపలంతా కడిగాను. దొరికిన పెన్సిలిన్ దొరికినట్టు వేశాను. కొన్నాళ్లు లాగారు. గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదని నేను కట్టడి చేసిన ఆ మనిషి ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, "డాక్టరుగారూ, పనసపొట్టు కూర తిననివ్వకపోతే పోయేరు, వాసనైనా చూడనివ్వండి" అన్నారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. ఆసుపత్రిలో ఉన్న ఆ కొన్నాళ్లలో అత్తగారి గురించి నాతో ఒక్క ముక్క కూడా అనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. మర్నాడు పోయారు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. సుభద్ర కూడా అనలేదు. కానీ ఆసుపత్రిలో ఆయన్ని కోసిన బల్ల తుడుస్తుంటే చూడలేక నేను అవతలికి వెళ్లిపోయేవాణ్ని.

పదో రోజు కర్మ గోదారి రేవులో జరిగింది. మగవాళ్లం నడిచి వెళ్లాం. అత్తగారూ సుభద్రా తక్కిన ఆడవాళ్లూ గూడుబండిలో వచ్చి, తెర దించుకుని అందులోనే కూర్చున్నారు. పిండం పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకి వచ్చి దాన్ని ముట్టాలి. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఫలానాది నేను చూసుకుంటానని మాటివ్వాలి. సరైన మాట పడితే కాకి దిగుతుందంటారు. కాకి ఆకలేస్తే దిగుతుందనీ, చుట్టూ జనం మూగితే దిగదనీ నా అభిప్రాయం. అప్పుడూ అదే అనుకుంటూ నిలబడ్డాను.

కాకులు లేక కాదు. రేవు పక్కనున్న తాటాకు పాక మీద బారుగా కూర్చుని ఉన్నాయి. పిండాన్ని చూస్తున్నాయి, మమ్మల్ని చూస్తున్నాయి, దిగవు.

మా బావమరిది సూర్యం ముందుకు వెళ్లి, అమ్మని కంటికి రెప్పలా చూసుకుంటానండి నాన్నగారూ అన్నాడు. కాకి కదల్లేదు. తోట అమ్మనన్నాడు. పక్కతోట వాళ్లతో ఉన్న గట్టు తగువు మానుకుంటానన్నాడు. ఆ తగువు పుట్టించినదే మామగారు కాబట్టి దానికి ఆయన సంతోషించి ఉండరు. కాకులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

అప్పుడు మామగారి అన్నగారికి ఒక ఆలోచన తట్టింది. ఆయన్ని మేము పెదమామగారు అనేవాళ్లం. ఆచారం అంటే ప్రాణం పెట్టే మనిషి.

"వాడికి తిండి కాక ఇంకేం కోరికుంటుందిరా. పనసపొట్టు కూర వండించి పట్రండి" అన్నారు.

రేవుకి దగ్గరలో ఉన్న ఒక ఇంట్లో వండించి తెచ్చారు. ఆవపెట్టిన కూర వేడివేడిగా పిండం పక్కన పెట్టారు. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్లు కూడా నవ్వాపుకోవడానికి పై కండువాలు అడ్డం పెట్టుకున్నారు. నాకే నోరూరింది. పాక మీద కాకి ఒకటి మెడ వాల్చి కూర వంక చూసి, మళ్లీ గోదారి వైపు తిరిగి కూర్చుంది.

ఎండ ముదిరింది. శాస్త్రులుగారు నా వైపు చూశారు. "అల్లుడుగారు మిగిలేరండి. తమరు కూడా ఒక మాట చెప్పండి" అన్నారు.

చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. ఏం చెప్పాలో కూడా అనుకునే ఉన్నాను. సుభద్ర కంట నీరు పెట్టించనని అందామనుకున్నాను. రెండడుగులు ముందుకు వేసి నోరు తెరిచాను.

"మామగారూ, అత్తగారి కడుపు నేను పరీక్ష చేస్తాను" అన్నాను.

ఎవరో పూనినట్టు అనిపించలేదు. ఒళ్లు జలదరించలేదు. గొంతు నాదే. రోజూ ఆసుపత్రిలో మాట్లాడే గొంతుతోనే, ఒక రోగి చుట్టాలకి చెబుతున్నంత మామూలుగా అన్నాను. అన్న తరవాత కానీ ఏమన్నానో తెలిసిరాలేదు. నా ఎదటికే రాని మనిషి కడుపు సంగతి, నలుగురూ వినేలా, రేవులో నిలబడి ఎత్తాను. ఆవిడకి ఒంట్లో బాగాలేదని నాకెవరూ చెప్పలేదు. అలాంటి ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. పెదమామగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన ఏదో అనబోయేలోగా కాకి దిగింది. గెంతుకుంటూ వచ్చి పిండం ముట్టింది. దాని వెనకే మిగతావన్నీ దిగాయి. కూర కూడా వదల్లేదు.

బండి తెర వెనకనుంచి అత్తగారి ఏడుపు పెద్దగా వినిపించింది. భర్తకి తృప్తి కలిగిందని ఏడుస్తున్నారనుకున్నాం.

ఇంటికి వెళ్లే దారిపొడవునా పెదమామగారు నాకు ఎడంగా నడిచారు. వీధి అరుగు ఎక్కాక నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అన్నారు.

"తమరలా ఎందుకన్నారో నాకు తెలీదండి. మామూలుగా అయితే నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకునేవాణ్ని కాదు. కాకి ముట్టేసింది. ఇంక మాట తప్పితే మా తమ్ముడికి గతుల్లేవు. కానివ్వండి."

నేను నమ్మని కాకి, ఆయన ఆచారాన్ని దాటించింది. నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్లాను.

పెరటి వైపు కిటికీ ఉన్న గదిలో అత్తగారిని నవారు మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడ ముఖం మీద కొంగు కప్పుకున్నారు. నేను పక్కనే కూర్చుని అడుగుతున్నా సరే, జవాబులన్నీ సుభద్ర ద్వారానే. ఎప్పటినుంచి అని నేనడిగితే, "ఎప్పటినుంచీ అని అడుగుతున్నారమ్మా" అని సుభద్ర. "గట్టిగా ఉండటం ఏడాదిపైనే అయిందని చెప్పవే. నొప్పి మాత్రం మొన్నటినుంచేనని చెప్పు" అని కొంగు కింద నుంచి ఆవిడ. పొద్దున్నించి వాంతులు కూడా అవుతున్నాయట. ఉపవాసాల వల్ల, దుఃఖం వల్ల అనుకున్నారట.

చెయ్యి వేశాను. పొత్తికడుపులో మొదలై బొడ్డు దాటి పైకి ఉంది, గుండ్రంగా, నున్నగా. వేలితో తట్టి చూస్తే మధ్యన మొద్దు చప్పుడు, పక్కల డొల్ల చప్పుడు. పొట్టలో నీరు చేరితే దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. పక్కకి తిరగమన్నాను, చప్పుడు మారలేదు. అంటే అది అండాశయం దగ్గర పెరిగిన తిత్తి. అది పెరిగినంత మాత్రాన కొంపలు మునగవు. కానీ ఒక పక్క నా వేలు తగిలేసరికి ఆవిడ మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. నాడి వేగంగా కొట్టుకుంటోంది. తిత్తి వేలాడే కాడ మెలిపడటం మొదలైందని అర్థమైంది. మెలి పూర్తిగా బిగిస్తే తిత్తి లోపలే కుళ్లుతుంది. అప్పుడు మామగారిది ఏ దారో ఈవిడదీ అదే దారి.

కాకినాడ పెద్దాసుపత్రికి పంపేద్దామని మొదట అనుకున్నాను. గోదారి దాటి అంత దూరం వెళ్లే వ్యవధి లేదు. ఉన్నది నా ఆసుపత్రి. ఆ బల్లే.

అత్తగారు రానన్నారు. భర్త పోయిన మనిషి ఏడాది తిరక్కుండా గడప దాటకూడదు, అది ఒకటి. అసలు కారణం వేరు. "ఆయనే పోయేరు. ఇంక నన్ను బతికించి ఏం చేస్తారటే మీ ఆయన" అన్నారు సుభద్రతో.  బతకాలని లేని మనిషిని బల్ల ఎక్కించడం ఏ వైద్యుడికీ మంచిది కాదు. 

సుభద్ర మంచం పట్టె మీద కూర్చుని, తల్లి చెయ్యి పట్టుకుని, చాలా మామూలుగా అంది.

"కాకి పిండం తినేసిందమ్మా. ఈయన మాటిచ్చేరని తినేసింది. నువ్వు రాకపోతే పెట్టిన అన్నం నాన్న నోటి దగ్గరనుంచి లాక్కున్నట్టే."

అత్తగారు ఆ మాట విని లేచి కూర్చున్నారు. భర్త విస్తట్లో అన్నం వెనక్కి తీసే పని ఆవిడ వల్ల అయ్యేది కాదు.

బయల్దేరేటప్పుడు సుభద్ర నాతో ఒకటే అంది. "నాన్న సంగతి తలుచుకోకండి. ఇది వేరే కడుపు." నాకు పెళ్లయ్యాక అంత ధైర్యం ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్న ఆపరేషన్ చేశాను. మత్తుకి ఈథర్ మా కాంపౌండరు ఇచ్చాడు. పొట్ట తెరవగానే తిత్తి కనిపించింది, వలిచిన కొబ్బరికాయ కంటే పెద్దది. ఒక పక్క నేరేడుపండు రంగుకి తిరిగింది. కాడ మెలిపడి ఉంది. ఇంకొక్క రోజు ఆగితే ఏమయ్యేదో చూస్తూనే తెలుస్తోంది. కాడని మెలి విప్పకుండా కింద బిగించి, కట్టి, తిత్తిని మొత్తం బయటికి తీశాను. పళ్లెంలో పెట్టి కోసి చూస్తే లోపల వెన్నలాంటి కొవ్వు, ఉండచుట్టుకున్న వెంట్రుకలు, ఒక చిన్న పన్ను.

ఊళ్లోవాళ్లు దాన్ని చూసి ఉంటే చేతబడి అని తేల్చేవారు. దానికి మా పుస్తకాల్లో పేరుంది, బొమ్మ ఉంది, కారణం ఉంది. కడుపులో జుట్టూ పన్నూ ఎందుకు మొలిచాయో నేను ఎవరికైనా విడమరిచి చెప్పగలను. రేవులో నా నోట ఆ వాక్యం ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పలేను.

ఆవిడ బతికారు. మత్తు పూర్తిగా వదలకముందే చెయ్యి కొంగు కోసం వెతుక్కుంది. కొంగు దొరక్క ఆసుపత్రి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు. అది చూసి నాకూ సుభద్రకీ ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. నేను గది బయటికి వచ్చి గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చాను. సంతోషం ఒకటి, మామగారు గుర్తుకు రావడం ఒకటి.

కుట్లు విప్పాక కోలుకునేదాకా అమలాపురంలో మా ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజుల్లో ఈ సంగతి గురించి నేను చాలా ఆలోచించాను. రోగిని చూడగానే బుద్ధికంటే ముందు కన్ను పసిగడుతుంది. నడకలో తేడా, పొట్ట మీద చెయ్యి వేసుకోవడం లాంటివి. అలా చూసి ఉంటానా అంటే, ఆవిడ నా కంట పడితే కదా. రేవులో కూడా తెర వెనకే ఉన్నారు. సుభద్రకి చెప్పి ఉంటారా అంటే, పరీక్ష చేసిన రోజుదాకా తనకీ తెలియదు. ఇక మిగిలింది మామగారు. భార్య అవస్థ ఆయనకి తెలిసి, ఎప్పుడో మాటల్లో నా చెవిన వేసి ఉంటారు, నేను మరిచిపోయి ఉంటాను, సమయానికి నోట వచ్చి ఉంటుంది. ఇదొక్కటే నాకు నిలబడే కారణంగా తోచింది. దాంతో నా మనసు కుదుటపడింది కూడా.

ఒక సాయంత్రం వసారాలో కూర్చుని సుభద్రతో అన్నాను, మీ నాన్నగారికి కడుపు గట్టిపడ్డ సంగతి ఎప్పుడు చెప్పారో అమ్మని అడుగు అని. వంటింట్లో ఆవిడ వింటున్నారని నాకు తెలుసు.

జవాబు తలుపు వెనకనుంచి రాలేదు. అత్తగారు గుమ్మం దాటి వసారాలోకి వచ్చారు. ముఖం మీద కొంగు లేదు. నా ఎదట నిలబడి, మొదటిసారి నాతోనే మాట్లాడారు.

"ఆయనకీ చెప్పలేదండి. ఎవరికీ చెప్పలేదు. బతికున్నన్నాళ్లూ నా మొహం చూసే తీరిక ఆయనకెక్కడిది? విస్తరి చూసుకోడంతోనే సరిపోయేది. పోయేకే చూసేరు."

అని నవ్వారు. ఏడుపేమీ లేదు. కొత్త పెళ్లికూతురు మొగుడి గురించి చెప్పుకున్నట్టు, కాస్త సిగ్గుగా, కాస్త గర్వంగా చెప్పారు. చెప్పి, నాకు కాఫీ తేవడానికి లోపలికి వెళ్లారు.

నాకున్న ఆ ఒక్క కారణమూ అక్కడితో పోయింది. మళ్లీ ఇంకొకటి దొరకలేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కాకి ఆకలేస్తేనే దిగుతుందని ఇప్పటికీ అంటాను. మామగారు ఆ రోజు చూశారో లేదో నాకు తెలియదు. చూశారని నమ్మాక మాత్రం అత్తగారు, నన్నెందుకు బతికించారని మళ్లీ ఎప్పుడూ అనలేదు. చాలా ఏళ్లు బతికారు. ఆ నమ్మకం తప్పని చెప్పేంత చదువు నా దగ్గర లేదు, ఉన్నా ఆవిడతో చెప్పి ఉండేవాణ్ని కాదు.